పన్నెండు మాటల ఉచ్చు

"ఈ పన్నెండు మాటలూ సాయంత్రానికి కంఠస్థం కావాలి."

గూఢచారి విభాగాధిపతి హరిప్రసాద్ ఒక కాగితాన్ని ముందుకు తోశాడు. బస్తర్ సరిహద్దు ఊరు కొంటలో ఒక బియ్యం దుకాణపు వెనుక గది అది. ఏజెంట్ శేషగిరి చదివాడు. ఎడమ ప్రక్క ఇంగ్లీషు, కుడి ప్రక్క ఇటాలియన్. వాటర్, ఆక్వా. థాంక్యూ, గ్రాత్సియే.

"బడిపిల్లల పాఠంలా ఉంది, సార్."

"కోడ్. రేపు గొల్లపల్లి సంతలో రెనాతో అనే ఇటాలియన్ స్మగ్లరు ఇంగ్లీషులో అడుగుతాడు. ఇటాలియన్‌లో బదులిచ్చినవాడే తన డ్రైవరని నమ్మి విగ్రహం అప్పగిస్తాడు. ఇది ఆ ముఠాలో మన మనిషి బియాంకా ఇచ్చిన జాబితా. ఆమె మొన్ననే మిలాన్ నుండి దిగింది. అంతకుముందు బస్తర్ ముఖమే ఎరుగదు."

మరైగూడ గుడిలో దొంగిలించిన అమ్మవారి పంచలోహ ప్రతిమ అది. ఎల్లుండే విత్తనాల పండుగ. అమ్మ ఎదుట విత్తు ఉంచనిదే ఆ ఊరు నాగలి పట్టదు.

మరునాటి ఉదయం శేషగిరి తలపాగా చుట్టి చింతపండు బుట్టల నడుమ కూర్చున్నాడు. చొక్కా గుండీలో ట్రాన్స్‌మిటర్. ప్రక్కనే గిరిజన అవ్వ హిడ్మే ఇప్పసారా అమ్ముతోంది. నల్ల కళ్ళద్దాలతో, పట్టు స్కార్ఫుతో బియాంకా వచ్చింది. ఆమె వెంట రెనాతో ఉన్నాడు. హిడ్మే ఆకుదొన్నె అందించింది. బియాంకా అతనితో మాట్లాడుతూనే, చూడకుండానే, దొన్నె వంచి రెండు చుక్కలు నేలకు వదిలి, ఆపైన తాగింది.

"మర్యాద తెల్సిన దొరసాని!" హిడ్మే మురిసిపోయింది. "మా కోడలు గూడ గంత మంచిగ పెద్దలకు వదలదు, సేఠ్."

శేషగిరి చూపు తడిసిన నేల మీద నిలిచింది. తాగేముందు పితరులకు చుక్క వదలడం ఈ నేల ఆచారం. మొన్న దిగిన చేతికి అది అంత అలవోకగా ఎలా వచ్చింది? ఆమె చెప్పింది అబద్ధమైతే జాబితా కూడా వలయే. ఈ సంతలో ఇటాలియన్ పలికినవాడే ప్రభుత్వ గూఢచారి అని వాళ్ళు పోల్చుకుంటారు!

రెనాతో నీడ బుట్టల మీద పడింది. "వాటర్?"

బియాంకా చేయి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది.

"ఏంది సారూ? చింతపండా? ఎన్ని కిలోలు గావాలె?"

"థాంక్యూ? గుడ్ మార్నింగ్?"

"హిందీల చెప్పు సారూ, తెలుస్తలేదు!"

"గీయనకు చింతపండు తప్ప ఏం తెల్వదు," హిడ్మే పకపక నవ్వింది.

రెనాతో వరుస చివరిదాకా అడిగాడు. ఎవరూ ఇటాలియన్ పలకలేదు. బియాంకా చేయి ఖాళీగా బయటికి వచ్చింది. దూరాన ఆగిన జీపుకు సైగ చేసింది. ఒక్క మనిషి మోయగల ఇప్పపువ్వు బస్తాను ముగ్గురు కూలీలు ఆపసోపాలు పడుతూ జీపులోకి ఎత్తారు. బియాంకా, రెనాతో ఇద్దరూ ఎక్కారు. ఇంజన్ గర్జించింది.

శేషగిరి గుండీ నొక్కాడు.

సంత చివర ట్రాక్టరు డ్రైవరు వేషంలో ఉన్న సహచర ఏజెంట్ ఉమేష్ బండిని దారికి అడ్డం తిప్పాడు. జీపు మూరెడు దూరంలో ఆగింది. పొదల నుండి పోలీసులు లేచారు. బస్తా విప్పగా, ఎండిన పువ్వుల నడుమ అమ్మవారి ముఖం ప్రసన్నంగా కనిపించింది. శేషగిరి చేతులు జోడించాడు.

"కైసే పతా చలా?" ఎలా తెలిసిందంటూ సంకెళ్ళ మధ్య బియాంకా తేట హిందీలో పళ్ళు కొరికింది.

"మీ మర్యాదే పట్టిచ్చింది, మేడమ్."

వాళ్ళను ఠాణాకు తరలించిన గంటకు ఫోను మోగింది.

"శభాష్," అన్నాడు హరిప్రసాద్. "రెనాతో హఠాత్తుగా ఇంగ్లీషు మరచిపోయాడట. వాంగ్మూలానికి అనువాదకుడు కావాలి. ఈ జిల్లాలో ఇటాలియన్ పండితుడివి నువ్వొక్కడివే. వెంటనే బయలుదేరు."