పిలుపుబోను

మంచు ఇంకా కాఫీ తోటల మీంచి లేవకముందే మేఘాద్రి కాలనీలో మగవాళ్లందరూ దువ్వెనలు పట్టుకుని బయల్దేరారు. తలలు దువ్వుకోవడానికి కాదు. రాత్రి బోనులో చిక్కిన మానుపిల్లినో నక్కనో కడ్డీల సందులోంచి దువ్వి, రాలిన బొచ్చు కాస్త గాజుబుడ్డిలో దాచుకుని, జంతువును వదిలేయడానికి. చంపడం నేరం. పైగా ఎవరికీ అంత ఆకలీ లేదు. ఆఫీసు పనులన్నీ యంత్రాలకు అప్పజెప్పాక మగవాడికి మిగిలిన పౌరుషమల్లా ఆ గాజుబుడ్డిలోనే ఉంది.

హైమవతి వంటింటి కిటికీలోంచి ఆ ఊరేగింపు చూస్తూ అల్లం తరుగుతోంది. ఇంట్లో వంటయంత్రం ఉంది గానీ అల్లం విషయంలో ఆమె దాన్ని నమ్మదు. ఆ మాటకొస్తే ఈ మధ్య భర్తనూ నమ్మడం లేదు.

శంభుప్రసాద్ వానాకాలం మొదట్లో బోను కొన్నాడు. వానలు వెళ్లి చలి వచ్చింది. ఆయన గాజుబుడ్డిలో మాత్రం ఒక్క వెంట్రుక చేరలేదు. వేట దొరకనివాడు ముఖం వేలాడేసుకుని రావాలి, అది లోకధర్మం. ఈయన పెళ్లివిందు తిని వచ్చినవాడిలా వస్తాడు. వచ్చి, ఏమీ మాట్లాడకుండా స్నానానికి పోతాడు.

ఇదివరకు ఆయన నోరు ఊరుకునేది కాదు. బస్సులో పక్కవాడి చెప్పులు, కూరగాయల బండి దగ్గర బేరం, అన్నీ కథలే. హైమవతి ఊఁ కొట్టీ కొట్టీ, ఎప్పుడో ఒకనాడు చెవిపూసలో పాటలు పెట్టుకుని పని చేసుకోవడం మొదలెట్టింది. చెవిలో గింజంత ఉంటుంది, పెట్టుకున్న సంగతి పెట్టుకున్నవాళ్లకే గుర్తుండదు. ఆయన కథలు ఎప్పుడు ఆగిపోయాయో ఆమెకు తెలియలేదు.

పిలుపుబోను పాతకాలపు బోనులా ఎండుచేప వేలాడదీసుకుని కూర్చునే రకం కాదు. తన చుట్టూ తిరిగే ప్రాణుల్లో క్రమం తప్పకుండా వచ్చేదాన్ని ఒకదాన్ని ఎంచుకుంటుంది. అది దేనికి చెవి రిక్కిస్తోందో, ఏ వాసనకు ఆగుతోందో గమనిస్తుంది. దాని బతుకులో ఉన్న లోటేదో తేల్చుకుని, సరిగ్గా ఆ లోటు తీర్చేదాన్నే ఎరగా తయారుచేస్తుంది. దాన్ని లోటెర అంటారు. తల్లి తప్పిన నక్కపిల్లకు తల్లి అరుపు, ముసలి ముంగిసకు వెచ్చదనం. వేటగాళ్లకు ఒకటే ఇబ్బంది. తలుపు తీసినా జంతువు వెంటనే పోదు. మూలకు నక్కి, ఇది ఇంకో ఎరేమోనన్నట్టు అనుమానంగా చూస్తుంది. చప్పుడు చేయకుండా కూర్చుంటే తప్ప బయటికి రాదు. అలా కూర్చునే మగవాళ్లను చూసి హైమవతి చాలాసార్లు నవ్వుకుంది.

ఆ ఉదయం పక్కింటి రమణకుమారి కరివేపాకు కోసమని వచ్చింది. కరివేపాకు చెట్టు వాళ్ల పెరట్లోనే ఉందని ఇద్దరికీ తెలుసు.

"మరేటనుకోకు వదినా," అంది గుమ్మంలోనే నిలబడి. "మా ఆయన బోను అన్నయ్యగారి బోనుకి అవతలే కదా. అక్కడ ఆడమనిషి గొంతు వినిపిస్తందట. రోజూనట."

"ఏం మాట్లాడుతుందట?"

"మాటాడేది అన్నయ్యగారేనట. ఆవిడ వింటాదట."

హైమవతి చేతిలో కత్తి ఆగింది. మాట్లాడే ఆడదైతే పోట్లాడి గెలవచ్చు. వినే ఆడదానితో చాలా కష్టం.

కరివేపాకు ఇచ్చి పంపి, ఆయన శాలువా తీసి వాసన చూసింది. కాఫీ ఆకు వాసన తప్ప మరేమీ లేదు. అదీ అనుమానంగానే తోచింది. భోజనాలప్పుడు, బోను దగ్గర అంతసేపు ఏం చేస్తారని అడిగితే, బోను దగ్గర ఏముంటుంది, బోనే ఉంటుందన్నాడు. అబద్ధం చెప్పేవాడు ఇంత పొదుపుగా చెప్పడని ఒకసారీ, అబద్ధం కాబట్టే పొదుపుగా చెప్పాడని ఒకసారీ అనిపించింది. నిజంగానే ఎవరైనా ఉంటే బొబ్బిలిలో చెల్లెలింటికి వెళ్లిపోవాలని తీర్మానించుకుంది. ఇడ్లీపాత్ర కూడా తీసుకెళ్లాలని, ఆయనకు దాంతో పని లేదు గనక అందులో పాపం లేదని కూడా నిర్ణయించుకుంది. ఇన్నేళ్ల కాపురం ఒక ఇడ్లీపాత్రగా తేలడం మాత్రం ఆమెకు మింగుడుపడలేదు.

మర్నాడు ఆయన వెళ్లిన కాసేపటికి బయల్దేరింది. దొంగను పట్టడానికి వెళ్తూ అలవాటు కొద్దీ ఫ్లాస్కులో కాఫీ పోసుకున్న సంగతి తోటలోకి వచ్చాక గానీ గమనించలేదు.

బోను తోట చివర పొదల మధ్య ఉంది. అక్కడ ఆడమనిషి లేదు. శంభుప్రసాద్ బోనులోపల, నక్క కూర్చోవలసిన చోట, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి తిప్పుతూ మాట్లాడుతున్నాడు. ఒక నక్క కుంటుకుంటూ వచ్చిందట, ముందుకాలు ఎత్తి బోనువైపు చూసిందట.

"ఊఁ," అంది ఆడగొంతు కడ్డీల లోంచి. "అమ్మో. తర్వాత?"

హైమవతి పొద వెనక ఆగిపోయింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. ఇంకో ఊఁ విన్నాక తెలిసిపోయింది. అది తన గొంతే.

బోను తెచ్చిన రోజు గుర్తొచ్చింది. కొత్త వాహనానికి చేసినట్టే దానికీ పూజ చేసింది. పూజలో చెవిపూస ఉంటే బాగుండదని తీసేసింది. ఆయన పక్కన నిలబడి ఏదో చెబుతుంటే అమ్మో, తర్వాత అంటూ కాసిని ఊఁలు కొట్టింది. ఆ ఊఁలను బోను దాచుకుంది. వెనకవైపు వాన పడని చూరు కింద అరచేయంత నున్నటి పలక ముఖంలా కనిపిస్తే, దానికి పసుపు దట్టంగా మెత్తి కుంకుమ బొట్టు పెట్టింది. అది యజమాని చేతిముద్ర తీసుకునే పలక. ఆయన భక్తిగా ఆ పసుపు మీదే చెయ్యి వేశాడు. బోనుకు ఆ ముద్ర అందలేదు. యజమాని లేని బోను పిలుస్తుందే గానీ తలుపు వేయదు. పాపం, దానికి రోజూ క్రమం తప్పకుండా వచ్చే జంతువు ఒకటే కనిపించింది. దాని లోటేమిటో అది ఇట్టే కనిపెట్టింది.

ఆమె చప్పుడు కాకుండా బోను వెనక్కి వెళ్లింది. కొంగు మంచుతో తడిపి, ఎండిన పసుపు తుడిచింది. తుడుస్తుండగా అరచెయ్యి పలకకు ఆనింది. లోపల గొంతు ఠక్కున ఆగిపోయింది.

శంభుప్రసాద్ మాట సగంలో ఆపాడు.

"వింటున్నావా?" అన్నాడు. కాసేపు చూసి, మెల్లగా మళ్లీ అడిగాడు. "వింటున్నావా, హైమా?"

ఆ పిలుపు ఆమె ఇంట్లో విని చాలా కాలమైంది. గొంతు సవరించుకుంది.

"ఊఁ," అంది.

ఆయన ప్రాణం కుదుటపడ్డట్టు కథ అందుకున్నాడు. ఆ నక్క కుంటుతున్న వెనక్కాలు ఎత్తి, సరిగ్గా పక్కింటాయన బోను మీదే మూత్రం పోసిందట.

"ఇందాక ముందుకాలన్నారు," అంది హైమవతి, ఇక ఆగలేక.

బోను ఎన్నడూ ఎదురుప్రశ్న వేయలేదు. ఆయన దిగ్గున తల తిప్పాడు. అదే క్షణంలో తలుపు దబ్బున పడింది. కడ్డీల లోంచి ఏ భావమూ లేని గొంతొకటి పలికింది: "జీవి చిక్కింది. యజమానురాలికి అభినందనలు."

హైమవతి ముందుకొచ్చి నిలబడింది. కడ్డీలకు అటూ ఇటూ ఇద్దరూ చూసుకున్నారు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో ఆమెకు వెంటనే తేలలేదు. మీట నొక్కి తలుపు ఎత్తింది.

"రండి, కాఫీ తెచ్చాను. ఏ కాలో చెబుదురు గాని."

ఆయన కదల్లేదు. మూలకు ఒదిగి, ఆమె చేతులు చూశాడు, ఫ్లాస్కు చూశాడు, చివరికి చెవులవైపు చూశాడు.

"ఇంటికెళ్లాక కూడా అంటావా? ఊఁ అని."

అంటానంది. ఆయన నమ్మినట్టు లేడు. అన్నేళ్లు విననిదాన్ని ఒక్క మాటకు నమ్మడానికి ఆయనేం నక్కపిల్ల కాదు. హైమవతి చెవిలోంచి గింజంత చెవిపూస తీసి, ఆయనకు కనిపించేలా తడి గడ్డి మీద పెట్టింది. తలుపుకు కాస్త ఎడంగా కూర్చుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, చప్పుడు చేయకుండా ఎదురుచూడసాగింది.