మావ పెట్టుకోని కళ్లజోడు

"ఏటండీ మేడమ్, సిన్నపిల్ల కదా అని పాడైపోయిన అద్దాలు అంటగట్టేసారా? సూడండి, అద్దం నిండా సుక్కలే!"

కాశీబుగ్గలోని ఆ కంటి క్లినిక్ హాల్లో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పారు. ప్రదీప్ కుమార్ మేనకోడలి కళ్లజోడు గాల్లో ఊపుతూ, కౌంటరు వెనకున్న తెల్లకోటు మనిషిని నిలదీస్తున్నాడు. ఆ మనిషి మాట్లాడలేదు. కదలనూ లేదు.

"అడుగుతుంటే పలకరేటి? మర్యాద నేదా?"

"అది నా కోటండి," పక్క గది గుమ్మంలోంచి ఒక ఆడగొంతు వినబడింది. "మేకుకి తగిలించాను. నేనిక్కడున్నాను."

హాలంతా గొల్లుమంది. ప్రదీప్ చెవులు వేడెక్కిపోయాయి. పారిపోదామంటే ఎనిమిదేళ్ల షారోన్ అతని వేలు పట్టుకుని ఉంది. అదీ అందరితో కలిసి పకపకా నవ్వుతోంది.

ఆమె రెండడుగుల దూరానికి వచ్చాక గానీ ముఖం తేటపడలేదు. తేటపడ్డాక, తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. పెద్ద కళ్లు, నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్న పెదాలు. పేరు ఫ్లోరెన్స్, ఊరు టెక్కలి. ఈ క్లినిక్కులో ఆప్టోమెట్రిస్టు, అంటే కళ్లు పరీక్షించి అద్దాలు రాసే మనిషి.

"ఇవి గీతలు కావండి. ఈ అద్దమే ఇంత. నడిమిన మామూలుగా ఉంటాది, దానిలోంచి పాప చూస్తాది. చుట్టూ ఉన్నవి సన్న సన్న బుడిపెలు. పిల్లలకి సైటొస్తే కనుగుడ్డు వెనక్కి సాగుతూ ఉంటాది. సాగేకొద్దీ పవరు పెరుగుతాది. ఈ బుడిపెలు ఆ సాగడాన్ని నెమ్మది చేస్తాయి. పూర్తిగా ఆపవు. కానీ లేచిన కాణ్ణుంచి పడుకునేదాకా పెట్టుకోవాలి. రోజూ కాసేపు బయట ఎండలో ఆడనివ్వండి. మొన్న మీ అక్కకి ఇదంతా చెప్పానే!"

"అక్క నాకు సెప్పనేదండి."

"సరే. మరి మీకు సైటుందా?"

"నాకా? నేదు నేదు. ఇక్కడ లైటు తక్కువ గావాల..."

ఫ్లోరెన్స్ తలెత్తి నెత్తిమీద భగభగా వెలుగుతున్న ట్యూబులైట్లను చూసింది.

నిజానికి ప్రదీప్‌కి సైటు ఉంది. చిన్నప్పుడే అద్దాలు రాశారు. బడిలో 'సోడాబుడ్డి' అని వెంటపడి ఏడిపిస్తే ఒకరోజు వాటిని జీడితోటలో పారేసి వచ్చాడు. ఇప్పుడు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు గ్రేడింగు చూస్తాడు. కంటికి దగ్గర పెట్టుకుని చేసే పని గనక జరిగిపోతోంది. బస్సు బోర్డు మాత్రం పక్కవాణ్ణి అడగాల్సిందే.

ఆ రోజు నుంచి షారోన్‌ని క్లినిక్‌కి తీసుకెళ్లే పని తనే నెత్తిన వేసుకున్నాడు. ముక్కు దగ్గర స్క్రూ లూజని ఒకసారి, కాడ వంగిందని ఒకసారి.

"ఈ కాడ దానంతటది వంగలేదండీ," అంది ఫ్లోరెన్స్ దాన్ని సరిచేస్తూ. "ఎవరో పనిగట్టుకుని వంచారు."

"షారోనే అయ్యుంటాది."

"నేను కాదు! మావే వంచాడు!"

ఫ్లోరెన్స్ నవ్వింది. ఆ నవ్వు దగ్గర నుంచి చూడటానికి ఎన్ని కాడలైనా వంచొచ్చు అనిపించింది ప్రదీప్‌కి.

వానాకాలంలో ఒక సాయంత్రం పలాస స్టేషన్లో తన ఊరు సుమ్మాదేవి వెళ్లే బండి కోసం నిలబడ్డాడు. ఎదుటి ప్లాట్‌ఫారం మీద జల్లులో ఒక పసుపు మరక అటూ ఇటూ ఊగింది. ఎవరిదో గొడుగనుకుని తల తిప్పుకున్నాడు.

తరువాత చెకప్‌కి వెళితే ఫ్లోరెన్స్ ముఖం ముడుచుకుని ఉంది.

"కోపమేటండీ?"

"నాకెందుకు కోపం? టెక్కలి పోదామని నౌపడ బండి కోసం నేను నిలబడి, పసుపు చున్నీతో వానలో తడుస్తూ చెయ్యూపితే మొహం తిప్పుకునే పెద్దమనుషులు మీరు."

పసుపు మరక! అది గొడుగు కాదు, ఫ్లోరెన్స్. నిజం చెప్పాలంటే సైటు సంగతి చెప్పాలి.

"ఫోన్లో ఉన్నానండి, సూడనేదు."

"ఫోను అప్పుడు మీ జేబులోనే ఉంది."

ఆమె షారోన్‌ని కళ్లు చూసే మిషన్ ముందు కూర్చోబెట్టింది. చూసిందే మళ్లీ చూసింది.

"అనుకున్నదానికంటే పవరు బాగా పెరిగింది. షారోన్, రోజంతా పెట్టుకుంటున్నావా?"

పిల్ల నేలచూపులు చూసింది. "బడికెళ్లగానే తీసి బేగులో ఎట్టేత్తన్నాను."

"ఎందుకమ్మా?"

"మావకీ సైటుంది కదా, మావ పెట్టుకోడు. పెట్టుకుంటే సోడాబుడ్డి అంటారని మావే సెప్పాడు."

ప్రదీప్ తల వంగిపోయింది. ఎప్పుడో నవ్వులాటకి అన్న మాట. పిల్ల దాన్ని బడిదాకా మోసుకెళ్లింది.

ఫ్లోరెన్స్ షారోన్‌ని బయట కూర్చోమని పంపింది. అరిచినా బాగుండేది. అరవలేదు.

"పెరిగిన పవరు వెనక్కి రాదండి."

"నాకు సైటుంది," అన్నాడు ప్రదీప్. "స్టేషన్లో పసుపు రంగు కనబడింది గానీ మీరు కనబడనేదు. సెప్పుకోడానికి సిగ్గేసింది."

"ఎవర్ని చూసి సిగ్గు?"

"మిమ్మల్ని సూసే."

"నన్ను చూసి కాదు. ఆ పిల్లని చూసి సిగ్గుపడండి."

నిజమే. కోటుని తిట్టిన నాటి సిగ్గు ఇంటికెళ్లేలోపే చల్లారింది. ఇది అలా చల్లారేది కాదు. వెళ్లి మిషన్ ముందు కుర్చీలో తనే కూర్చున్నాడు. గోడ మీది అక్షరాలు ఒక్కొక్కటీ అడుగుతుంటే తోచింది చెప్పుకుపోయాడు.

"ఊహించకండి," అందామె మెల్లగా. "కనబడకపోతే కనబడలేదని చెప్పండి."

"కనబడనేదండి," అన్నాడు. ఆ మాట ఎవరితోనైనా అనడం అదే మొదలు.

ఆదివారం ఊళ్లో చర్చికి కొత్త కళ్లజోడుతో వెళ్లాడు. బైబిలు వాక్యం చదవడానికి లేచేసరికి వెనక బల్ల నుంచి చిన్ననాటి జతగాడొకడు గుసగుసగా, "ఒరే, సోడాబుడ్డి మళ్లీ వచ్చిందిరోయ్!" అన్నాడు. కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. ప్రదీప్ చెయ్యి దానంతటదే కాడ మీదికి వెళ్లింది. ఆడపిల్లల వరసలోంచి షారోన్ కళ్లు చికిలించి అతన్నే చూస్తోంది. చెయ్యి దించేశాడు. ముఖం మండిపోతున్నా చివరిదాకా చదివాడు. తలెత్తేసరికి షారోన్ సంచీలోంచి తన కళ్లజోడు తీసి పెట్టుకుంటోంది.

తరువాతి చెకప్ చలికాలంలో. ఫ్లోరెన్స్ మిషన్ మీంచి తలెత్తి షారోన్ బుగ్గ గిల్లింది. "ఈసారి పెద్దగా పెరగలేదు. బంగారు తల్లి!"

షారోన్ చెప్పులు వేసుకునేలోగా ప్రదీప్ ధైర్యం కూడగట్టుకున్నాడు. "ఫ్లోరెన్స్ గారూ, ఒక మాట సెప్పాల..."

"స్క్రూ లూజా?"

"కాదండి. మీరంటే నాకిష్టం."

"అబ్బ! ఈ మాట మా నాన్నకి నేనెప్పుడో చెప్పేశాను. మీకే ఆలస్యంగా కనబడింది."

టెక్కలిలో వాళ్లింటికి ప్రదీప్ అక్కతో కలిసి వెళ్లాడు. ఫ్లోరెన్స్ తండ్రి చార్లెస్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"కుర్రోడు మంచోడే. కానీ ఈయనకీ సైటే, మేనకోడలికీ సైటే. రేపు పుట్టబోయేవోళ్లకీ వత్తాదేటని నా బెంగ."

లోపలి గుమ్మం దగ్గర్నుంచి ఫ్లోరెన్స్ అందుకుంది. "వత్తే రానీ నాన్నా! ఎండలో బాగా ఆడిత్తాం. బడిలో ఎయ్యకముందే కళ్లు టెస్ట్ సేయిత్తాం. కావాలంటే ఆ బుడిపెల అద్దాలే ఎడతాం. పెద్దోడు పేచీ పెడితే..."

ఠక్కున ఆగిపోయింది.

"పెద్దోడంట!" తల్లి భాగ్యవతి బుగ్గలు నొక్కుకుంది. "పేరు కూడా ఎట్టేసిందేటో అడగండి!"

ఎప్పుడూ అందర్నీ ఆటపట్టించే ఫ్లోరెన్స్ చున్నీతో ముఖం కప్పుకుని లోపలికి పరిగెత్తింది. చార్లెస్ పగలబడి నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇంకేటుంది, ప్రార్థన సేసుకుందాం," అన్నాడు.

అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రదీప్ ఒక్కడే తెరిచి ఉంచాడు. తలుపు సందులోంచి, ఎర్రబడిన ముఖంతో అతన్నే చూస్తున్న ఫ్లోరెన్స్ కూడా తెరిచే ఉంచింది.