తాండవ ఫోల్డర్ ఎక్కడ?

2003 మార్చి. పొద్దున్న ఏడున్నరకి నర్సీపట్నం-తుని రోడ్డు మీద నంబరు లేని లారీ ఒక స్కూటీని గుద్ది, ఆగకుండా పోయింది. చనిపోయింది ప్రేమజ్యోతి. ఊరికి ఆమె టైలరుగారి అమ్మాయి, నెట్ సెంటర్ నడుపుతుంది. డిపార్ట్‌మెంట్‌కి ఏజెంట్ నైన్.

మధ్యాహ్నం రెండింటికి కంప్యూటర్ మెకానిక్ వేషంలో నతానియేల్ ఆ నెట్ సెంటర్లో అడుగుపెట్టాడు. ఆరేళ్లు ఆమెతో కలిసి పనిచేసినవాడు. ఏడవడానికి టైము లేదు. పాయకరావుపేట దగ్గర విదేశీ ముఠా ఆయుధాలు దించుతోందనీ, ఫొటోలు తీసిన మన జాలరి పైడిబాబు నాలుగింటికి ఒడ్డున వాటిని అందించాలనీ చీఫ్ ఫోన్లో చెప్పాడు. కానీ కోడ్ వర్డ్ పొక్కిపోయింది. తీసుకోడానికి వచ్చేవాడు హంతకుడు. మఫ్టీ పోలీసులు చేరేసరికి నాలుగున్నర దాటుతుంది. పైడిబాబుని వెనక్కి పిలిచే మాట ప్రేమజ్యోతి మెయిల్లో, 'తాండవ' ఫోల్డర్లో ఉంది.

ఆ ఫోల్డరే లేదు.

నాలుగు వందల పన్నెండు ఫోల్డర్లు, ఒకదాని కడుపులో ఒకటి. హైదరాబాద్ నుంచి వచ్చిన జూనియర్ ఏజెంట్ ఏంజెలిన్, సినిమా తారలాంటి మనిషి, ప్రేమజ్యోతే పొరపాటున డిలీట్ చేసి ఉంటుందని కళ్లొత్తుకుంది.

డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ. ఫోల్డర్లన్నీ విప్పి పేర్లు చదివేసరికి గంటన్నర గడిచింది. అప్పుడు తట్టింది అతనికి. ఫోల్డర్ దొరక్కపోతే అందులో ఉండాల్సిన ఉత్తరాన్ని వెతకాలి. కిందటి వారం తాండవ పని మీద తానే ఆమెకి పంపిన మెయిల్లోని ఒక వాక్యం టైప్ చేసి, మెయిల్‌బాక్స్ మొత్తం మీద ఫైండ్ కొట్టాడు. మూడూ నలభై ఎనిమిదికి మెయిల్ దొరికింది. పక్క కాలమ్‌లో అది ఉన్న చోటు: 'చర్చి క్వయర్', దాని లోపల 'పాత పాటలు'. ఎవరో పేరు మార్చి అక్కడికి జరిపారు.

ఆ ఫోల్డర్ తెరిచాడు. అందులో ఇంకో మెయిల్లో వెనక్కి పిలిచే మాట ఉంది. దాని పైన ఆ పొద్దున్నే రాసిన డ్రాఫ్ట్.

"నతానియేల్, ఏంజెలిన్ చేతికి నా పాస్‌వర్డ్ చిక్కింది. అందుకే దీన్ని దాచాను. నువ్వు కనిపెడతావు. కలిశాక నీకో సంగతి చెప్పాలి"

అక్కడితో ఆగిపోయింది. అతని కళ్లు మసకబారాయి.

"లే," అంది వెనకనుంచి ఏంజెలిన్. ఆమె చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్.

నతానియేల్ కుర్చీని బలంగా వెనక్కి తన్నాడు. గుండు మానిటర్‌లో దిగింది. ఆమె మణికట్టు విరిచి పట్టి, మౌస్ వైరుతో కట్టేసి, రేవు దగ్గరి ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేశాడు. ఎత్తింది ఆ బూత్ నడిపే నూకరత్నం, పైడిబాబు భార్య.

"పైడిబాబుని ఒడ్డు నుంచి రమ్మనమ్మా."

"ఎవుర్నీ నమ్మొద్దన్నాడండి మా ఆయన. మాట సెప్పండి."

"వల చిరిగింది."

రిసీవరు గోడకి తగిలిన చప్పుడు. దూరంగా, బేగి రమ్మని ఆమె పిలుపు. నాలుగైంది. నాలుగూ రెండు. నతానియేల్ రిసీవరుని చెవికి అదిమి పట్టాడు.

"వచ్చేసాడండి," అంది నూకరత్నం ఆయాసపడుతూ.

ఒడ్డున ఎదురుచూస్తున్న హంతకుణ్ణి మఫ్టీవాళ్లు పట్టుకున్నారు. ఆయుధాల పడవా దొరికింది.

మర్నాడు సమాధుల తోటలో మట్టి వేశాక, ప్రేమజ్యోతి తండ్రి సత్యప్రకాష్ నతానియేల్ చెయ్యి పట్టుకున్నాడు. "నెట్ సెంటరు కాక, మా అమ్మి మీ దగ్గర ఏటి పని సేసేది బాబూ?"

నిజం చెప్పే వీల్లేదు.

"కాయితాలు సర్దేదండీ. ఏది ఎక్కడుండాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

ముసలాయన కన్నీళ్ల మధ్యే చిన్నగా నవ్వాడు. "అదా? ఇంట్లో దువ్వెన్న కూడా ఎప్పుడూ సోటులో ఎట్టేది కాదు."