మిల్లు చప్పుడు లేని పాట

తణుకులో ఆ మధ్యాహ్నం వాన సన్నగా, ఎక్కడికీ వెళ్ళే పని లేనట్టు కురుస్తోంది. జోగేశ్వరరావు తడిసిన చొక్కాతోనే కేసెట్ల కొట్టు మెట్లెక్కాడు. అద్దాల వెనక తమ రాక్ బ్యాండు ‘బ్లూ లాంచీ’ రెండో కేసెట్ ఉంది. తనదని చెప్పకుండా, అది కావాలన్నాడు.

కొట్టు రాజరత్నం గారిది. ఆయన భోజనానికి వెళితే కూతురు మీనాకుమారి కూర్చుంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. గాజులు గలగలమనేలా వంగి, కింది అరలోంచి మొదటి కేసెట్ తీసింది.

“ఇది తీసుకోండి. అది వద్దు.”

“కొట్లో పెట్టుకుని వద్దంటారేంటండి?”

“అమ్మడానికి పెట్టింది మా నాన్నగారండి. విన్నది నేను.”

అతనికి చురుక్కుమంది. మద్రాసులో చల్లటి గదిలో, డ్రమ్ముల మిషను వేసే తాళానికి తను డ్రమ్ములు వాయించి చేసిన కేసెట్ అది. గిటారు వాయించే భాస్కరం మకాం అక్కడికే మార్చేద్దామంటున్నాడు. ఇద్దరూ ఆ సాయంత్రం బండికే వెళ్ళాలి. వెళ్ళేముందు మన వాళ్ళేమంటున్నారో విందామని ఇలా వచ్చాడు.

బాగా లేదా అని అడిగాడు. బాగానే ఉందని, అదే దిగులని అందామె. మొదటి నుంచీ వింటున్నవాళ్ళు కొత్తది కొనుక్కెళ్ళి, మళ్ళీ పాతదే వేసుకుంటున్నారట.

“పాలిష్ ఎక్కువైన బియ్యంలా ఉందండి. తెల్లగానే ఉంది. తవుడుతో పాటు రుచీ పోయింది.”

పాతది టేప్‌రికార్డర్‌లో పెట్టింది. పాట అడుగున, ఎక్కడో ఏటి అవతల నుంచి వచ్చినట్టు, దుక్కు దుక్కుమని ఒక చప్పుడు. అదేం వాయిద్యమో తెలియదు గానీ, అది వింటుంటే ఎవరో పక్కనే నడుస్తున్నట్టుంటుందని చెప్పింది.

అతనికి తెలుసు. అది తమ రైసుమిల్లు ఇంజను. కొత్త ధాన్యం రోజుల్లో మిల్లు ఆపేది లేదన్నాడు తండ్రి. గోడౌను గోడలకి గోనెసంచులు కట్టుకుని అక్కడే రికార్డు చేశారు. సంచులు దాటుకుని ఇంజను లోపలికొచ్చేసింది. పుట్టినప్పటి నుంచీ విన్న చప్పుడు. దాని వెంటే డ్రమ్ములు వాయించాడు. మద్రాసులో తన చేతులెందుకు దారి తప్పాయో ఇప్పుడర్థమైంది.

వేళ్ళు వాటంతటవే బల్ల మీద ఆ దరువు అందుకున్నాయి. మీనాకుమారి ఆ వేళ్ళు చూసింది. కేసెట్ అట్ట మీది బొమ్మ చూసింది. అతని మొహం చూసి చెవులదాకా ఎర్రబడింది.

“ముందే చెప్పొద్దాండి?”

“చెబితే బాగుందనేవారు.”

“అననండి.”

బయట వాన కాస్త పెద్దదయింది. వెళ్ళడానికి అతనూ తొందరపడలేదు.

“సాయంత్రం బండికి నేను వెళ్ళట్లేదండి. మూడోది మా మిల్లులోనే చేస్తాం. మీరొచ్చి వినాలి.”

“నాన్నగారినడగాలి.”

“నేనే అడుగుతానండి. మిల్లుకి పంపమని మాత్రమే అడగమంటారా?”

ఆమె కేసెట్ అయిపోకుండానే తీసి, రెండో వైపు తిప్పి పెట్టింది.

మరుసటేడు మూడో కేసెట్ వచ్చింది. పాత అభిమాని ఒకాయన దాన్ని కొట్టుకి తిరిగి పట్టుకొచ్చాడు. ఆ దుక్కు దుక్కు మళ్ళీ వచ్చినందుకు ప్రాణం లేచొచ్చిందట గానీ, పాటకీ పాటకీ మధ్య గాజుల చప్పుడేదో ఉంది, టేపులో లోపమేమో చూడమన్నాడు.

రాజరత్నం గారు కళ్ళజోడు సవరించుకుని, ఆ ముక్క కాస్తా శ్రద్ధగా విన్నారు.

“లోపం కాదండి. గాజులు మా అమ్మాయివి. డ్రమ్ములు మా అల్లుడివి.”