రెండో వాయిదా

ఉత్తరాయణం పండుగ వెళ్లి వారమైనా సూరత్ కోర్టు ముందున్న వేపచెట్టుకు తెగిన పతంగులు వేలాడుతూనే ఉన్నాయి. గేటు బయట సున్నంతో గీసిన గుండ్రాల్లో జనం ఎడమెడంగా నిలబడ్డారు. కరోనా మొదలైన దగ్గర్నుంచి వాయిదా ఉన్నవాళ్లను తప్ప లోపలికి పంపడం లేదు.

ఖాళీగా కనిపించిన గుండ్రంలోకి నవత అడుగుపెట్టింది.

"ఏ బెహన్‌జీ, లైన్ పీఛే హై!" అని, లైను వెనకుందంటూ ఒక గొంతు హిందీలో గద్దించింది.

తిరిగి చూసింది. నల్ల మాస్కు, చెదిరిన జుట్టు, చేతిలో నీళ్ల బాటిల్. నీళ్ల కోసం పక్కకు వెళ్లి వచ్చినట్టున్నాడు.

"మాస్కు కట్టినా నోరు మూతపడలే ఈయనకు," అని గొణుక్కుంటూ పక్కకు జరిగింది.

"నాది నోరే తెరిచున్నది. మీది ముక్కే తెరిచున్నది. జర మాస్కు పైకి గుంజుకోండ్రి," అన్నాడతను తెలుగులోనే.

నవత నాలుక కరుచుకుంది. సూరత్‌లో తెలుగులో తిట్టేముందు చుట్టూ చూసుకోవాలని అమ్మ ఎల్లవ్వ చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది. మగ్గాలున్న ప్రతి గల్లీలోనూ మనవాళ్లే మరి.

లైను కదిలింది. గేటు దగ్గరి పోలీసు, నీ వకీల్ ఎవరని అడిగి, ఆమె నీళ్లు నమలగానే వెనక్కి పంపించేశాడు. ఇందాకటి మనిషిని కూడా అలాగే పంపించాడు. ఇద్దరూ చెట్టు కింద మిగిలారు.

"ఏం కావాలె మీకు?" ఈసారి అతని గొంతులో కోపం లేదు.

"విడాకుల కాగితం నకలు, అన్నా. కేసెప్పుడో అయిపోయింది. మా వకీల్ సాబ్ పోయినేడు కరోనాల పోయిండు. ఆఫీసుకు తాళమున్నది."

"కేసు నంబరు?"

"తెల్వదు."

"పేరుతోని గూడ దొరుకుతది. ఏ ఏడు వేసిండ్రు?" అంటూ ఫోను తీశాడు. "మా అక్కది బావ మీద ఖర్చుల కేసు నడుస్తున్నది. రోజూ గిదే పని నాకు."

పేరు, సంవత్సరం చెప్పింది. అతని బొటనవేలు తెర మీద తిరిగి తిరిగి ఒకచోట ఆగింది.

"అయిపోయిందని ఎవలు చెప్పిండ్రు?"

"వకీల్ సాబే. ఫికర్ జెయ్యకు, అయిపోయినట్టే అన్నడు."

"అయిపోయినట్టే. అయిపోలే." ఫోను ఆమె వైపు తిప్పాడు. పెండింగ్ అని ఉంది.

ఇద్దరూ ఇష్టపడి విడిపోయే కేసులో అర్జీ పెట్టగానే పని తీరదు. కొన్ని నెలలాగి ఇద్దరూ మళ్లీ జడ్జి ముందుకొచ్చి అదే మాట చెప్పాలి. అదీ అర్జీ పెట్టిన పద్దెనిమిది నెలల లోపు చెప్పాలి. నవతా, ఆమె భర్త గోపాలూ పోయిన ఏడాది జనవరిలో అర్జీ పెట్టారు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. మేలో కూలీల కోసం వేసిన రైలెక్కి గోపాల్ సిరిసిల్ల వెళ్లిపోయాడు. రెండోసారి ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు.

అంటే తను ఇప్పటికీ గోపాల్ భార్యే. నవత ఫుట్‌పాత్ అంచున కూర్చుండిపోయింది. భివండి నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లు కోర్టు కాగితం చూపించమన్నారు. దానికోసమే వచ్చింది.

అతను ఏమీ అనకుండా బండి దగ్గరికి వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చాడు. ఆమె తాగడానికి మాస్కు దించగానే తల తిప్పి రోడ్డు మీద బస్సులు చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్యాద ఆమెకు నచ్చింది. తన చాయ్ కోసం అతను మాస్కు దించినప్పుడు మాత్రం నవత తల తిప్పుకోలేదు.

అతని పేరు నరహరి. సూరత్ శివారు సచిన్‌లో చీరలకు రంగులద్దే మిల్లులో సూపర్‌వైజర్. అక్క భాగ్యలక్ష్మితో, ఆమె పిల్లలతో ఉన్ అనే బస్తీలో ఉంటాడు. బావ ఆమెను వదిలేసి వాపిలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు.

భివండి సంబంధం తప్పిపోయింది. ఎల్లవ్వ ఏడ్చింది గానీ నవతకు పెద్దగా బాధ అనిపించలేదు. బమ్రోలిలోని తమ గదిలో చీరలకు లేసు కుడుతూ ఆమె ఫోను కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది. మొదట కోర్టు కబుర్లే. ఏ వకీల్ మంచిది, తారీఖు ఎలా తీసుకోవాలి. తర్వాత మిల్లు కబుర్లు. తర్వాత ఏ కబురూ లేకపోయినా ఫోన్లు వచ్చాయి.

"జర ఆ అన్నా అనుడు బంద్ జెయ్యరాదు?" అన్నాడు ఒకనాడు.

"మరేమనాలె?"

"పేరు లేదా నాకు?"

"నరహరీ!"

అవతల మిల్లు మోత ఒక్కటే వినిపించింది.

"ఏమైంది? లైన్ల ఉన్నవా?"

"ఉన్న. మల్లొక్కపారి పిలువు."

ఏప్రిల్‌లో కరోనా మళ్లీ విరుచుకుపడింది. కోర్టు మూతపడింది. నరహరికి జ్వరం వచ్చింది. ఆసుపత్రుల్లో మంచాల్లేవు. మేడ మీద గదిలో ఒక్కడే పడుకుంటే అక్క తలుపు బయట గంజి పెట్టి వెళ్లేది. సాయంత్రం కాగానే నవత ఫోన్ చేసేది. దగ్గుతో అతను మాట్లాడలేకపోయేవాడు. ఆమె మాట్లాడుతూనే ఉండేది. లేసు ధర పెరిగిందని, పక్కింటి కోడి తమ మంచం కింద గుడ్డు పెట్టిందని, ఏదో ఒకటి. మధ్యలో అంబులెన్సు చప్పుడు వినిపిస్తే గొంతు పెంచేది, అది అతనికి వినబడకూడదని.

"నాకేమన్నయితే అక్కను..." అన్నాడు ఒకసారి.

"నోర్మూయ్. గట్ల మాట్లాడితే ఫోన్ పెట్టేస్త."

పెట్టెయ్యలేదు. అతను నిద్రపోయాక కూడా ఆ ఊపిరి ఎగుడుదిగుడుగా సాగడం వింటూ కూర్చుంది. అతను లేచి తిరిగాక కూడా ఇద్దరూ తమ మధ్య సంగతి ఎత్తలేదు. కోర్టు లెక్కలో ఆమె ఇంకొకరి భార్య. ఆ గీత దాటి ఒక్క మాటైనా అనడానికి నవతకు మనసొప్పలేదు. అతనూ అడగలేదు.

జూన్‌లో కోర్టు తెరిచారు. కొత్త వకీల్ మేడం జూలై మొదటివారానికి తారీఖు తీసుకుంది. ఆ తర్వాత గడువు దాటిపోతుందని, గోపాల్‌ను ఎలాగైనా రప్పించమని చెప్పింది. గోపాల్ మాత్రం నవత నంబరు చూస్తేనే ఫోన్ కట్ చేస్తున్నాడు. కారణం చుట్టాల ద్వారా తెలిసింది. కులపెద్దలు రాసిచ్చిన తెగతెంపుల కాగితమే చాలనుకుని అతను సమ్మక్క అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. చంటిపిల్ల కూడా ఉంది.

ఆ మాట విని నరహరి బమ్రోలి బస్సు స్టాపులో ఎగిరిపడ్డాడు. వాన అప్పుడే అందుకుంది.

"ఇంకేం! పెండ్లాముండంగ ఇంకో లగ్గం చేసుకున్నడు. కేసు పెట్టు. ఉరుక్కుంట వస్తడు."

"రాకపోతే?"

"ఒక్కదానివే విడాకుల కేసెయ్యి. భార్య ఏడుంటే ఆడ్నే వేసుకోవచ్చని మేడం చెప్పలే? ఎన్నేండ్లయితే గన్నేండ్లు, సూరత్‌కు తిరుగుకుంట సస్తడు. జైలుకు గూడ పోతడు."

"నేను పెట్ట. ఆ ఇంట్ల సంటిపిల్ల ఉన్నది."

"మా అక్కకు లేరా పిల్లలు? గిసొంటోళ్లను జాలిపడి ఇడిసిపెడితే..."

"గోపాల్ మీ బావ కాదు నరహరీ."

అతని మొహం మాడిపోయింది. "ఆయన మీద నీకింక పానం కొట్టుకుంటున్నదని సీదా చెప్పరాదు!"

నవత వాన వైపు తిరిగింది.

"రెండేండ్లు ఒక్క అర్రల ఉన్నం. సమ్మక్కంటే ఇష్టమని వాళ్లమ్మకు చెప్పలేక నా మెడల తాళి కట్టిండు. నాకైతే చెప్పిండు, తల వంచుకోని. ఒక్కనాడు చెయ్యెత్తలే, ఒక్కమాట అనలే. ఇద్దరం ఒక్క తీరుగ ఉసూరుమనుకుంట బతికినం. కోర్టుకు పోదామన్నది నేనే. పిరికోడు, గంతే. దానికి జైలెందుకు?"

అతను గొడుగు చాపాడు. ఆమె తీసుకోలేదు. తడుస్తూనే ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం ఎల్లవ్వ ఫోను నుంచి గోపాల్‌కు చేసింది. ఎత్తింది ఒక ఆడగొంతు.

"అక్కా, నేను నవతను."

"ఆయన ఇంట్ల లేడు."

"నువ్వే వినక్కా. నేను ఏ కేసూ పెట్ట. ఒక్కపారి వచ్చి జడ్జి ముంగట చెప్తే చాలు."

"సూరత్‌కస్తే పోలీసులు పడ్తరని ఆయనకు భయం. నాకు గూడ భయమే."

"నువ్వు గూడ రా. పిల్లను తీస్కొని మా ఇంట్లనే దిగుండ్రి. అక్కా, నేను విడిపోకుంటే కోర్టు లెక్కల నీ లగ్గం నిలువది. తీర్పొచ్చినంక మల్లొక్కపారి దండలు మార్చుకోండ్రి. అప్పుడు నిన్నెవ్వరు ఏమనరు."

అవతల పిల్ల ఏడుపు, జోకొడుతున్న చప్పుడు.

"గంత దూరం రైలంటే పిల్లకు పడ్తదా నవతా?" అంది సమ్మక్క చివరికి.

వాయిదా నాడు ఆకాశం చిల్లుపడినట్టు వాన. నరహరి బస్సు స్టాపు గొడవ తర్వాత ఫోన్ చేయలేదు. నవతా చేయలేదు. గేటు దగ్గర కక్షిదారులను మాత్రమే లోపలికి వదిలారు. గోపాల్ వెంట వచ్చిన సమ్మక్క పిల్లను కొంగు కింద దాచుకుని ఎల్లవ్వతో పాటు బయటే నిలబడిపోయింది. వెనక్కి వెనక్కి చూస్తూ నవత లోపలికి నడిచింది.

జడ్జి పెద్దావిడ. మాస్కు పైనుంచి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరైనా బలవంతపెట్టారా?" అని హిందీలో అడిగింది.

"లేదు మేడం," అన్నాడు గోపాల్.

"కలిసి ఉండే దారి ఏమీ లేదా అమ్మా?"

ఎన్నోసార్లు మనసులో అనుకున్న జవాబే. "లేదు మేడం," అంది నవత.

సంతకాలయ్యాయి. తీర్పు నకలు తర్వాత తీసుకోవచ్చన్నారు. వరండాలోకి వచ్చాక గోపాల్ రెండు చేతులూ జోడించాడు. "నవతా, నిన్ను ఆగం జేసిన. మాఫ్ చెయ్యి."

"పిల్లను మంచిగ సూసుకో," అంది.

గేటు బయటకు వచ్చేసరికి నరహరి కనిపించాడు. నిలువునా తడిసిపోయి ఉన్నాడు. గొడుగు సమ్మక్క నెత్తిన పట్టాడు. కొంగులోంచి బయటికి చాచిన చిన్న చెయ్యి అతని వేలు పట్టుకుని ఉంది. గోపాల్‌ను చూడగానే అతని దవడ బిగుసుకుంది. తర్వాత మెల్లగా సడలింది. గొడుగు గోపాల్ చేతికిచ్చి పక్కకు జరిగాడు.

వాళ్లు రిక్షా ఎక్కి స్టేషనుకు వెళ్లిపోయాక నవతకు ఏడుపొచ్చింది. ఎందుకో తనకే తెలియలేదు. ఇష్టం లేని కాపురమే, ఇష్టపడి తెంపుకున్నదే. అయినా గోడకు ఆనుకుని ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఎల్లవ్వ వీపు నిమిరింది. నరహరి ఊరుకోమనలేదు, దగ్గరికీ రాలేదు. అలాగే వానలో నిలబడ్డాడు.

ఆమె కళ్లు తుడుచుకున్నాక అన్నాడు: "ఆనాడు తప్పు మాట అన్న. అక్క మీది బాధ నీ మీద కక్కిన."

"ఎరుకే."

"నవతా..."

"ఇయ్యాల నన్నేమడగకు నరహరీ. ఇయ్యాలొక్కనాడు నన్ను ఎవ్వరి దాన్నీ కాకుండ ఉండనియ్యి."

అతను తలూపాడు. "సరే. ఎన్నడు అడగాలె?"

మాస్కు పైన ఆమె కళ్లు, ఇంకా తడిగానే, అతని మీద నిలిచాయి. అతను చూపు దించుకున్నాడు.

"ఐతారం రా బిడ్డా," అంది ఎల్లవ్వ పక్కనుంచి. "మీ అక్కను, పిల్లలను గూడ తోల్కరా. పచ్చిపులుసు జేస్త. అడిగేది నన్నడుగు, చెప్పేది అది చెప్తది."

నవత అమ్మ భుజం మీద తల వాల్చింది. బమ్రోలి బస్సు వచ్చి ఆగింది. ముగ్గురూ ఎక్కారు. తల్లీకూతుళ్లు ఒక సీట్లో కూర్చున్నారు. నరహరి వెనక సీట్లో కూర్చుని, వాన జల్లు వాళ్ల మీద పడకుండా చెయ్యి చాచి ముందున్న కిటికీ అద్దం లాగి మూశాడు.