ఏడో సెక్షన్‌లో లేని మాట

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల ఒక ప్రోగ్రామర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ సన్నటి తీగ బిగిసి ఉంది. చెవిలో ఇయర్‌ఫోన్లు, వాటిలో పాట ఇంకా వస్తోంది.

"వీడు రాసిన ప్రోగ్రాం ఒక విదేశీ ముఠా చేతిలో ఉంది," అన్నాడు చీఫ్, ఫోటో బల్ల మీద పడేసి. "టార్గెట్ నీళ్ళ ప్లాంటు. రేపు పొద్దున పదకొండు లోపు. నీళ్ళలో కొద్దిగా కలిపే కాస్టిక్ సోడా వంద రెట్లు పెరిగి విషమవుతుంది. స్క్రీన్ మీద మాత్రం అంతా మామూలుగానే కనిపిస్తుంది."

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని ఆఫీసులో గుమాస్తా అంటారు. ఇంట్లోవాళ్ళు నిజంగానే అతను రికార్డుల గుమాస్తా అనుకుంటారు. ఒకసారి చూసినవాళ్ళకి గుర్తుండని ముఖం.

"ముందే ఆపేస్తే సర్?"

"నాయకుడు దొరకడు. నెమలి వాళ్ళ గదిలోనే ఉంది."

నెమలి డబుల్ ఏజెంట్. ఆమెను చూసినవాళ్ళు మాత్రం మరిచిపోరు. ఆమె లిప్‌స్టిక్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది.

"దాడి మొదలవగానే 'గొడుగు తెరిచాను' అంటుంది. నాయకుడి ఆచూకీ తెలియగానే 'గొడుగు మూశాను' అంటుంది. ఆ మాట వచ్చేదాకా ఎవరూ మెషిన్ ముట్టుకోకూడదు. కొత్త చట్టం గుర్తుందిగా?"

గుర్తు లేకపోవడమేం? ఏడో సెక్షన్. ప్రభుత్వ జాబితాలో ఉన్న కంప్యూటర్ని రాతపూర్వక అనుమతి లేకుండా ఆపినా, మార్చినా పదేళ్ళకు తగ్గని జైలు. ముసాయిదాలో 'దురుద్దేశంతో' అన్న మాట ఉండేది. ఉద్దేశం రుజువు చేయలేక కేసులు ఓడిపోతున్నాం, ఆ మాట తీసేయండి అని సలహా రాసి పంపింది గుమాస్తాయే.

మర్నాడు పదీ నలభైకి ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూంలోకి వెళ్ళాడు. చెవిలో వినికిడి మిషన్ లాంటి రిసీవర్. షిఫ్టు ఆపరేటర్ తలెత్తి చూసి పగలబడి నవ్వాడు. అక్క మొగుడు. ఈ వారం ఆయనది సాయంత్రం షిఫ్టు అనుకున్నాడు గుమాస్తా.

"ఏరా బావమరిదీ! గుమాస్తా ఉద్యోగం ఊడిందా?"

"మెల్లగా మాట్లాడు బావా. ఆఫీసు పని మీదే వచ్చాను."

"ఆఫీసు పనికి స్క్రూడ్రైవరా? మీ అక్కకి చెప్తే మూడు రోజులు నవ్వుతుంది."

పదీ యాభై ఐదుకి చెవిలో నెమలి గొంతు. "గొడుగు తెరిచాను."

స్క్రీన్ మీద ఒక్క అంకె కదల్లేదు.

బావ లేచి కుళాయి కింద గాజుగ్లాసు పట్టాడు. గంటకోసారి అలా పట్టడం ఇరవై రెండేళ్ళ అలవాటు. కొత్త మెషిన్లు వచ్చాక కుర్ర ఇంజనీర్లు నవ్వారు. ఆయన మానలేదు. మూడు చుక్కలు రసాయనం వేశాడు. ఆకుపచ్చ రంగు రావాలి. ముదురు ఊదా వచ్చింది. గ్లాసు కడిగి మళ్ళీ పట్టాడు. మళ్ళీ ఊదా.

"స్క్రీన్ అబద్ధం చెప్తోంది!" మెయిన్ కేబుల్ వైపు వంగాడు. గుమాస్తా ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు బావా. నాకు తెలుసు."

"తెలుసా?"

"ఇంకొక్క రెండు నిమిషాలు."

"పదకొండుకి ఆసుపత్రి లైను వాల్వు దానంతటదే తెరుచుకుంటుందిరా. మీ అక్క పనిచేసే వార్డులో పన్నెండు మంది కిడ్నీ మిషన్ల మీద ఉన్నారు. ఈ నీళ్ళతోనే వాళ్ళ రక్తం కడుగుతారు."

గుమాస్తా కాలర్ మైకులో అడిగాడు. "సర్, ఆపమంటారా?"

"నెమలి మాట వచ్చిందా?"

"లేదు."

"అయితే ఆగు."

అతను పట్టు బిగించాడు. పదీ యాభై తొమ్మిది. రిసీవర్లో నెమలి ఊపిరి మాత్రం తాపీగా వినిపిస్తోంది. బావ రెండో చేత్తో ఊదా రంగు గ్లాసు ఎత్తి అతని పెదాలకి ఆనించాడు.

"తాగు. తాగి, అప్పుడు ఆపు నన్ను."

గుమాస్తా ముఖం తిప్పుకున్నాడు. పట్టు సడలింది. బావ కేబుల్ పెరికేశాడు. గోడ గడియారంలో నాలుగు సెకన్లు మిగిలి ఉన్నాయి. పంపులు మూలిగి ఆగిపోయాయి.

వార్డులో ఎవరికీ ఏమీ కాలేదు. నాయకుడు దొరకలేదు. నెమలి నిజానికి ముఠా మనిషేనని, ఆ రెండో మాట ఎప్పటికీ పంపేది కాదని తర్వాత తేలింది. అయినా ఆమెకి చాలా రహస్యాలు తెలుసు కనక, కొత్త పాస్‌పోర్టు ఇచ్చి విమానం ఎక్కించారు.

మూడో రోజు చీఫ్ ఒక కాగితం ముందుకి తోశాడు. "చట్టం కింద మొదటి కేసు. ముద్దాయి ఆపరేటర్. మొదటి సాక్షివి నువ్వు."

"ఆయన పన్నెండు మందిని బతికించాడు సర్."

"సెక్షన్‌లో ఉద్దేశం అన్న మాట ఎక్కడుందో చూపించు. నువ్వే తీసేయించావుగా." చీఫ్ పెన్ను మూత తీసి ఇచ్చాడు. "సాక్షివి కాకపోతే సహాయం చేసినవాడివి అవుతావు. దానికీ పదేళ్ళే."

గుమాస్తా వాంగ్మూలం స్వయంగా రాశాడు. ఎక్కడా కొట్టివేత లేదు. అంతా నిజమే.

కోర్టులో దాన్ని పైకి చదువుతుంటే అక్క నర్సు యూనిఫాంలోనే కూర్చుని నేల వైపు చూస్తూ ఉండిపోయింది. పదేళ్ళు పడ్డాయి. బావని తీసుకెళ్తూ గుమాస్తా ముందు ఒక్క క్షణం ఆపారు.

"నువ్వు పెద్ద గూఢచారివట కదరా. అందరూ ఒకటే చెప్పుకుంటున్నారు," అన్నాడు బావ. "నేను మాత్రం ఇన్నేళ్ళూ గుమాస్తావనే అనుకున్నాను. పొరపాటు పడలేదు."