మొదటి దొప్ప

ఆదెమ్మ పొద్దున్నే అడ్డాకులు ముందేసుకుని కూర్చుంది. ఆకు మడవడం, వెదురు పుల్ల గుచ్చడం, దొప్పను పక్కన పడెయ్యడం. మధ్యాహ్నానికి ఊళ్లోని పార్టీ సభ్యులంతా ఆదెమ్మ వాకిట్లోనే ఉంటారు. వచ్చినవాళ్లకు కల్లు పొయ్యకపోతే ఎట్లా?

కూతురు శ్యామల వాకిలి అలుకుతోంది. ఎంపీటీసీ ఎన్నికలకు పార్టీ అభ్యర్థిని సభ్యులు ఓటేసి ఎంచుకునే రోజు అది. పోటీలో ఇద్దరే ఉన్నారు. ఒకడు చిరంజీవి, తునికాకు కాంట్రాక్టరుకు కావలసిన మనిషి, ఊళ్లో మోటారుసైకిల్ ఉన్నవాడు. రెండో మనిషి శ్యామలే.

"నీకు ఓటేసేటోళ్ల కోసం నువ్వే అలుకుతున్నవ్. ఆ చిరంజీవిని పిలువు, సగం వాడు అలుకుతడు" అంది ఆదెమ్మ.

"వాడొస్తే బండేసుకునే వస్తడమ్మా. అలికింది కూడా పాడైతది."

ఇద్దరూ నవ్వుకున్నారు. అడవి కొట్టి పోడు చేశాడన్న కేసులో కొడుకు రాజును పట్టుకుపోయి ఖమ్మంలో రిమాండులో పెట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో నవ్వు వినపడలేదు. అరుగు మీద కూర్చున్న జంపయ్య మాత్రం కూతురి వంక చూడలేదు. గడ్డం గీసుకుంటూ రెండుచోట్ల కోసుకున్నాడు.

జంపయ్య ఆ పార్టీకి మండల కార్యదర్శి. చర్ల అడవి పల్లెల్లో ఆయన మాటంటే గౌరవం. నిజానికి ఈ ఓటింగు ఆయన కొట్లాడి తెచ్చిందే. పోయినసారి అభ్యర్థి పేరు భద్రాచలం నుంచి జీపులో వచ్చింది. గెలిచినవాడు అదే జీపెక్కి పోయాడు. అటవీ శాఖవాళ్లు పోడు చేల చుట్టూ కందకాలు తవ్వుతుంటే అడిగే దిక్కు లేకుండా పోయింది. జిల్లా సభలో జంపయ్య లేచి నిలబడ్డాడు. మా అభ్యర్థిని మేమే ఎంచుకుంటాం, నాయకులెవరూ వేలు పెట్టొద్దు అన్నాడు. పెద్ద గొడవైంది. చివరికి, 2006 ఎన్నికలకు పార్టీ సరేనంది.

కానీ నిన్న సాయంత్రం జీపు మళ్లీ వచ్చింది.

వాగు అవతలే ఆగింది. జిల్లా ఇన్‌చార్జి ఊళ్లోకి రాకుండా జంపయ్యనే పిలిపించాడు. మర్యాదగానే మాట్లాడాడు. శ్యామల మంచిపిల్లే కానీ పోడు చేలకు పట్టాలివ్వాలంటూ ఆఫీసర్ల మీదికి పోతుందన్నాడు. చిరంజీవి అయితే అందరితో కలిసిపోతాడన్నాడు. ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేశాడు.

"రాజు సంగతి నేను చూసుకుంటా జంపయ్యా. వానలు పడేలోపు మీ అబ్బాయి ఇంట్లో ఉంటాడు. ఊరి మనసు కొంచెం చిరంజీవి వైపు తిప్పు. అంతే."

ఆ మాట జంపయ్య ఇంట్లో చెప్పలేదు. రాత్రంతా గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నానికి వాకిలి నిండింది. ఒక మూల తడక కట్టారు. తడక వెనక రెండు కుండలు. పసుపు బొట్టు పెట్టింది శ్యామలది, సున్నం బొట్టు పెట్టింది చిరంజీవిది. ఒక్కో సభ్యుడు ఒక్కో ఇప్పగింజ పట్టుకుని లోపలికి పోవాలి. నచ్చిన కుండలో వేసి రావాలి. ఎవరు ఎందులో వేశారో ఎవరికీ తెలియదు. ఈ ఏర్పాటు కూడా జంపయ్యదే.

ఊళ్లో చాలామంది శ్యామల వైపే ఉన్నారని అందరికీ తెలుసు. రాజును తీసుకుపోయిన రోజున పోలీసు జీపుకు అడ్డంగా పడుకున్నది ఆ పిల్లే. చిరంజీవికి కూడా ఆ సంగతి తెలుసు. వెనక వరసలో కూర్చుని బండి తాళం తిప్పుకుంటున్నాడు.

ఓటుకు ముందు కల్లు. మామూలు రోజుల్లో అయితే ఎవరికి వాళ్లే ముంచుకుంటారు. వేటకు కదిలేముందు, పోడు కొట్టేముందు మాత్రం ఆ ఊళ్లో ఒక పద్ధతుంది. పెద్దమనిషి మొదటి దొప్ప నింపి ఒకరి చేతిలో పెడతాడు. దాన్ని అందుకున్నవాడే ఆ పనిలో ముందు నడుస్తాడు. మిగతావాళ్లు వెనక నడుస్తారు. కాదన్నవాడు ఊరిని కాదన్నట్టే. తాతల నాటి నుంచి ఎవరూ కాదనలేదు.

జంపయ్య లేచాడు. ఆదెమ్మ కుట్టిన దొప్పల్లోంచి ఒకటి తీసి కల్లు కుండలో ముంచాడు. మాటలు ఆగిపోయాయి. దొప్ప అంచు నుంచి కల్లు కారుతుండగా ఆయన వరసలు దాటుకుంటూ వెనక్కి నడిచాడు.

చిరంజీవి చేతిలో పెట్టాడు.

చిరంజీవి మొహం పాలిపోయింది. తీసుకోవాలా వద్దా అన్నట్టు చుట్టూ చూశాడు. తర్వాత రెండు చేతులతో అందుకున్నాడు. జంపయ్య ఒక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం కుండలు బోర్లించారు. పసుపు బొట్టు కుండలోంచి పడిన గింజలు ఒక గుప్పిట్లో పట్టేస్తాయి. సున్నం బొట్టు కుండలోవి చాపంతా పరుచుకున్నాయి. ముసలి లచ్చయ్య శ్యామల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆమె పేరు పోటీకి పెట్టినవాడే ఆయన.

"పెద్దమనిషి చెయ్యి ఎటు పోయిందో చూసినంక నా చెయ్యి నీ కుండ మీదికి పోలేదు బిడ్డా" అన్నాడు. కండువాతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయాడు.

అందరూ పోయాక ఆదెమ్మ భర్త ఎదురుగా వచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు.

"నిన్న వాగుకాడ జీపు ఆగిందంట. ఏందయ్యా సంగతి?"

జంపయ్య నేల వంక చూస్తూ అంతా చెప్పాడు. రాజు ఇంటికొస్తాడని చెప్పాడు. తను ఎవరికీ ఫలానావాళ్లకు వెయ్యమని చెప్పలేదని, నాయకులు వేలు పెట్టొద్దన్న తన మాట తప్పలేదని కూడా చెప్పాడు.

"నేను నోరు తెరవలేదు ఆదెమ్మా."

"అవ్, తెరవలేదు" అంది తడక విప్పుతున్న శ్యామల. "జీపులో వచ్చేటోళ్లకు ఈ ఊరి పద్ధతి తెల్వదు నాయినా. మొదటి దొప్ప అంటే ఏందో వాళ్లకు తెల్వదు. నీకు తెలుసు. వాళ్లకు చేతగాని పని నువ్వు చేసి పెట్టినవ్."

"నీ అన్న కోసం చేసిన."

"నన్నడిగితే నేనే తప్పుకుందును గద. ఒక్క మాట అడిగితే పోయేది. నన్ను వాకిలి అలుకనిచ్చినవ్."

ఆదెమ్మ మిగిలిన దొప్పలు ఏరుతూ ఉండిపోయింది. పొద్దున తన చేత్తో కుట్టినవే అవన్నీ.

ఆ మర్నాటి నుంచి జంపయ్య రోజూ చర్లకు పోయి ఇన్‌చార్జికి ఫోన్ చేశాడు. సారు మీటింగులో ఉన్నారన్నారు. సారు హైదరాబాదు పోయారన్నారు. ఫోన్ డబ్బా నడిపే సాబిర్ పాపం కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. చివరికి ఒకరోజు సారే ఎత్తాడు. రాజు పేరు వినగానే గొంతు మారింది.

"కేసు కోర్టులో ఉంది జంపయ్యా. నాయకులం అట్లాంటి వాటిలో జోక్యం చేసుకుంటే బాగుంటుందా?"

"మీరు వాగు కాడ మాటిచ్చిండ్రు సారూ."

"ఏం మాట? మీ ఊరు ఓటేసింది, అభ్యర్థిని ఎన్నుకుంది. నేనూ వేలు పెట్టలేదు, నువ్వూ పెట్టలేదు. బయట కూడా అట్లనే చెప్పు."

ఫోన్ పెట్టేశాడు. జంపయ్య రిసీవరు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. సాబిర్ వచ్చి మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకోవలసి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. అన్నను చూడటానికి ముందురోజు ఖమ్మం పోయిన శ్యామల అప్పుడే తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంది. చెప్పుల నిండా బురద. వానలు మొదలయ్యాయి. జంపయ్య ఆమెకు కొంచెం దూరంగా కూర్చున్నాడు. ఫోన్‌లో విన్నదంతా దాచకుండా చెప్పాడు. శ్యామల ఆశ్చర్యపోలేదు.

"వాడెట్లున్నడు?" అని అడిగాడు చివరికి.

"చిక్కిండు. చేతులు తామర పట్టినయ్." "నన్ను చూడంగనే ఒక్కటే అడిగిండు. గెలిచినవా అని. ఈపాలి నాయకులెవరూ వేలు పెట్టరు, మా నాయిన కొట్లాడి ఆపిండని అక్కడ అందరికీ చెప్పుకుంటున్నడంట."

జంపయ్య కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేం చెప్పినవ్?"

"ఇంకా ఓట్లు కాలేదని చెప్పిన."

జంపయ్య రెండు మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన ఏడుపు అంతకుముందు ఎవరూ వినలేదు, కొడుకును తీసుకుపోయిన రోజున కూడా. చూరు మీద వాన చప్పుడులో కలిసిపోతూ ఇప్పుడు వినపడింది. శ్యామల ఆపమనలేదు, దగ్గరికి జరగలేదు. లేచి లోపలికి కూడా పోలేదు.

ఆదెమ్మ లోపలి నుంచి కడవ తెచ్చింది. ఓటింగు రోజు మిగిలిపోయిన దొప్పలు ఎండి వంకర్లు పోయాయి. వాటిలో ఒకటి సరిచేసి, నీళ్లు నింపి, మొదట కూతురి చేతిలో పెట్టింది.

శ్యామల సగం తాగింది. మిగతాది తండ్రి ముందు పెట్టింది.

జంపయ్య దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. నోటి దాకా తీసుకుపోలేకపోయాడు. ఎండిన ఆకు సందుల్లోంచి నీళ్లన్నీ కారిపోయే దాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.